వెదురు కంచె అవతలి అప్ప

మంగళవారం పొద్దున వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. రోజ్ బెల్ సంత నుంచి వచ్చే ఎడ్లబండి మా ఇంటి ముందు ఆగింది. బండి తోలే అతను కిందికి దిగలేదు. పగ్గం లాగిపట్టి, "సర్దారు కోడలు పోనాదట. శనివారం. మూడు రోజులు జొరం," అన్నాడు. అనేసి ఎడ్లను అదిలించాడు. మా ఊరు షెమాన్ గ్రెనియేలో అతను ఇంకా చాలా ఇళ్లకు కూరగాయలు వేయాలి.

నేను చేట పక్కన పెట్టాను. లోపలినుంచి మా అత్తగారు "ఎవలే పోనారు?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. పోయిన మనిషి నాకు చుట్టం కాదు. నాకు మైల పట్టదు, తలస్నానం చేయనక్కరలేదు. ఏడవడానికైనా ఒక వరస ఉండాలి కదా. అది కూడా నాకు లేదు. ఉన్నదల్లా చిన్నప్పుడు పిలిచిన ఒక్క పిలుపు: అప్ప. అక్కను మా వాళ్లు అలా అంటారు. విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మా అమ్మానాన్నలు ఆ మాటను ఇక్కడిదాకా తెచ్చుకున్నారు.

ఈ దీవిలో తెలుగు చదవగలిగే వాళ్లం ఎక్కువమందిమి లేము. ఇది మీ చేతికి వచ్చి, మీరు కూడబలుక్కుంటూ అయినా చదువుతున్నారంటే, ఎవరో ఎక్కడో కూర్చోబెట్టి మీకు నేర్పి ఉంటారు. నాకు నేర్పిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి.

ఐరోపాలో మొదటి యుద్ధం రావడానికి కొన్నేళ్ల ముందటి మాట. రోజ్ బెల్ దాటి కొంత దూరం పోతే ఒక చెరకు ఎస్టేటు. మా కాంపు, అంటే కూలీల గుడిసెల వరసలు, దాని నడిమధ్యలో ఉండేది. చెరకు చిన్నగా ఉన్న నెలల్లో దూరాన కొండలు కనిపించేవి. ఎదిగిందంటే నాలుగు వైపులా పచ్చటి గోడ లేచేది. పిల్లలకు ఆకాశం తప్ప మరొకటి కనబడేది కాదు. ఆదివారం సంతకు పోవాలన్నా సర్దారు తల ఊపాలి. సర్దారంటే కూలీల మీద పెద్ద. ఆయనా తెలుగువాడే. ఒకప్పుడు మాలాగే కత్తి పట్టి చెరకు కొట్టినవాడే. మా గుడిసెలకు గడ్డి కప్పు, ఆయన ఇంటికి రేకులు.

ఆయనకు మరో గౌరవం ఉండేది. ఇండియా నుంచి వచ్చే ఉత్తరాలు ఎస్టేటు ఆఫీసులో ఆయన చేతికే ఇచ్చేవారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన వరండాలో నిలబడి, కాగితాన్ని చేయంత దూరం పెట్టి, ఒక్కొక్కరి ఉత్తరం చదివి వినిపించేవాడు. కాంపులో చదువు వచ్చిన మనిషి ఆయనొక్కడేనని అందరి నమ్మకం. మా నాన్న ఆయన ముందు నిలబడేటప్పుడు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు అప్ప ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. పదహారు పదిహేడేళ్లు ఉంటాయేమో. షెమాన్ గ్రెనియే గుడి పూజారి కూతురు. అంత లేని ఇంటి పిల్లను సర్దారు ఏం చూసి తెచ్చుకున్నాడని చెరకు మడుల్లో ఆడవాళ్లు చాలా రోజులు చెప్పుకున్నారు. పెళ్లిబండి దిగి లోపలికి వెళ్లిన మనిషి మళ్లీ మా కంటపడలేదు. సర్దారు ఇంటి ఆడది కాంపులో అడుగుపెట్టకూడదని వాళ్ల అత్తగారి కట్టడి. వంటిల్లు, బావి, కోళ్లగూడు, పెరట్లో వెదురు కంచె. అంతవరకే.

ఆ కంచె దగ్గరే ఆమెను మొదట చూశాను. అమ్మ మడిలోకి పోతే చంటి తమ్ముణ్ణి చూసుకోవడం, మేకకు గడ్డి కోయడం నా పని. తమ్ముణ్ణి నీడలో పడుకోబెట్టి పుల్లతో మట్టిలో గీస్తున్నాను. వెదుళ్ల సందులోంచి మెల్లగా ఒక గొంతు వినిపించింది.

"ఏటి రాస్తన్నావే?"

"రాయనేదు. ఉత్తి గీతలు."

"మరి రాస్తావా?"

ఆమె కోళ్లకు నూకలు వేయడానికి వచ్చింది. చేతిలో చిన్న చేట. కంచె మొదట్లో మట్టిని అరచేత్తో చదును చేసి, వేలితో ఏదో రాసి, "అమ్మ," అంది. నేను మా అమ్మ వచ్చిందేమోనని వెనక్కి చూశాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు కూడా చప్పుడు లేకుండా నవ్వడం అప్పటికే అలవాటైనట్టుంది.

నెల తిరిగేసరికి మేం ఏడుగురం అయ్యాం. అందరం కూలీల పిల్లలమే. బడి అనేది ఎక్కడో ఉందని తెలుసు. అది దూరం, మాటలు పరాయివి, మాలాంటి వాళ్లకు కాదనీ తెలుసు. మధ్యాహ్నం సర్దారు మడుల్లో ఉంటాడు, వాళ్ల అత్తగారు కునుకు తీస్తుంది. ఆ గంటే మా బడి. అప్ప భర్త ఎస్టేటు మిల్లులో పనిచేసేవాడు. మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చి ముందు వరండాలో కూర్చునేవాడు. తండ్రి వస్తున్నట్టు కనిపిస్తే గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు వినబడగానే అప్ప మట్టి మీద చేయి రాసి, చేట తీసుకుని వెళ్లిపోయేది. అతను మాతో ఒక్క మాటా మాట్లాడలేదు. అతనికి జబ్బేమోనని మేం చాలాకాలం అనుకున్నాం.

ఆమె నేర్పిన వరస నాకిప్పటికీ వింతే. "అమ్మ" తరవాత "జబ్బు" నేర్పింది. ఆ తరవాత "తమ్ముడు", "పెళ్లి", "పోయినది", "క్షేమము". మాకు "క" కంటే ముందు "క్ష" వచ్చు. ఒకరోజు "రావలెను" అని రాసింది.

"రావలెను అంటే ఏటప్పా?" అని అడిగాను.

"రాయే అని."

"మరి రాయే అని రాయొచ్చు కదా?"

"కాయితం మీద అలాగనరే. కాయితం మీద రావలెనే."

కాగితాలతో మాకేం పని అనుకున్నాను.

అక్షరాల పని అయ్యాక కథ ఉండేది. చెరకు గట్ల కింద బొరియల్లో ఉండే తాంగ్ మీకు తెలుసు, ఒళ్లంతా ముళ్లున్న చిన్న జంతువు. అప్ప కథలన్నీ ఒక తాంగ్ గురించే. దానికి సముద్రం చూడాలని కోరిక. పైన వెళ్తే మనుషులు పట్టుకుంటారని భూమి లోపలినుంచి తవ్వుకుంటూ పోతుంది. దారి తప్పి ఒకసారి మిల్లు బాయిలరు పక్కన తేలింది. ఒకసారి దొరగారి వంటగదిలో, వంటమనిషి కాళ్ల మధ్య తేలింది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి లోపలినుంచి "ఏయ్ కోడలా!" అని కేక. అప్ప లేచేది. ఒక్క కథ కూడా ఆమె మాకు పూర్తిగా చెప్పలేదు. మర్నాడు వచ్చి, "అయితే ఏటయినాదే తాంగ్‌కి?" అని మమ్మల్నే అడిగేది. మేం ఏడుగురం ఏడు రకాలుగా చెప్పేవాళ్లం. ఎవరిది నచ్చితే అక్కడినుంచి అందుకునేది. కథ చెప్పడం ఆమె మాకు ప్రత్యేకంగా నేర్పలేదు. ఆ కేకల వల్ల మాకే వచ్చేసింది.

రెండేళ్లు ఇలాగే గడిచింది. ఆమె కంచెకు ఒకవైపు, మేం ఎదురుగా ఇంకోవైపు. ఆమె తన వైపునుంచి రాసేది, మేం మాకు కనబడినట్టు దించేవాళ్లం. మా గీతలు ఆమెకు చక్కగానే కనబడేవి. అందుకే అందులో ఉన్న తిరకాసు ఆమెకూ తెలియలేదు, మాకూ తెలియలేదు.

ఒక వానాకాలం, గాలివాన పట్టి మడుల్లో పని ఆగిపోయిన రోజు, నాన్న ఇంట్లోనే ఉన్నాడు. చూరు కింద కారుతున్న చోట అమ్మ గిన్నె పెట్టింది. నాన్నకు ఏం తోచిందో రేకుపెట్టెలోంచి ఒక ఉత్తరం తీశాడు. "ఏదీ పంతులమ్మా, సదివేత్తన్నావట కదా. దీన్ని సదువు సూద్దుం," అని వేళాకోళంగా నా చేతికిచ్చాడు. రెండు కోతల కిందట వచ్చిన ఉత్తరం అది. నేను కాగితాన్ని తిప్పి పట్టుకున్నాను. నాన్న పగలబడి నవ్వాడు.

"ఓలమ్మా, తలకిందులుగా పట్టినాదే!"

"నాకిలాగే వచ్చు నాన్నా."

అమ్మ కూడా నవ్వింది. నేను వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివాను. "అన్నయ్యకు తమ్ముడు రాయునది. అమ్మకు జబ్బు. మంచము దిగుట లేదు. నిన్నే తలచుచున్నది. ఈ జాబు అందిన వెంటనే రావలెను." ఆ తరవాత ఇంకో వరస ఉంది. చిన్న అక్షరాలు, నాకు రాలేదు.

నాన్న నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. "మళ్లీ సదువు," అన్నాడు. చదివాను. "క్షేమం అని ఉండాల. అందరం క్షేమం, అక్కడే ఉండి బాగుపడమని అమ్మ దీవెన, అనుండాల. క్షేమం ఎక్కడుందో సూపించు."

కాగితమంతా వేలితో వెతికాను. నాకు అన్నిటికంటే బాగా వచ్చిన అక్షరం "క్ష". అందులో ఎక్కడా లేదు.

"నేదు నాన్నా."

సర్దారు ఆ ఉత్తరం చదివి వినిపించిన వారంలోనే నాన్న ఇంకో అయిదేళ్లు ఇక్కడే పనిచేస్తానని కాగితం మీద వేలిముద్ర వేశాడు. అమ్మ ఆయన చేతిలోంచి ఉత్తరం తీసుకోబోయింది. ఆయన ఇవ్వలేదు. తడవకుండా గుండెకు ఆనించి పట్టుకుని వాన వైపు చూస్తూ కూర్చున్నాడు. నా వైపు తిరిగి, "నీకెవులు నేర్పినారే?" అని అడిగాడు. చెప్పాను.

మర్నాడు వాన వెలిసింది. నాన్న కడుపునొప్పని మడిలోంచి వచ్చేసి, మధ్యాహ్నం నాతోబాటు కంచె దగ్గరికి వచ్చాడు. మగమనిషిని చూసి అప్ప కొంగు తల మీదికి లాక్కుంది గానీ వెళ్లిపోలేదు.

"అమ్మా, ఈ కాయితం నీకు తెలుసా?"

"తెలుసన్నయ్యా."

"సదివినావా?"

"వొచ్చినవన్నీ నా సేతే సదివిత్తాడు మావ. తలుపేసి. ఆయనకి అచ్చరం రాదు. నాను రాకముందు అంతా కట్టుకతే." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నా సేత సదివించుకుని, బయటికొచ్చి మీకు ఆయనకి కావలిసినట్టు సెప్తాడు. ఎవులూ ఎల్లిపోకూడదని దొర మాట. ఒక్కడెల్లిపోయినా మావ పని పోతాది."

లేని ఇంటి పిల్లను ఎందుకు తెచ్చుకున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. పెద్దయ్యాక అర్థమైంది.

"మరి నువ్వు సెప్పొచ్చు కదమ్మా. తల్లి కదా. నా తల్లి కదా." అన్నాడు నాన్న.

అప్ప వెదురుబొంగు పట్టుకుంది. "గుడి ఉన్న జాగా ఎస్టేటుది. నోరిప్పితే మా అయ్యని గుడిలోంచి గెంటిస్తానన్నాడు మావ. సెప్పలేకపోయినానన్నయ్యా. తప్పే. నాను సెప్పలేనుగానీ నేర్పగలను కదా అనుకున్నాను. మీ గుంటలకి ముందుగా ఆ మాటలే నేర్పినాను. ఎప్పటికైనా ఒక్కరైనా ఆ కాయితాలు తీస్తారని."

నాన్న కాగితం అడుగున వేలు పెట్టాడు. తరవాత, "ఆకరి వరస పిల్లకి రానేదు. ఏటుందమ్మా అక్కడ?" అన్నాడు. ఉత్తరాన్ని కంచె సందులోంచి అందించబోయాడు. ఆమె చేయి చాపలేదు. చూడకుండానే చెప్పింది. రెండేళ్ల కిందట ఒకసారి చదివిన ఉత్తరం.

"నీ కంచములో ఎవరినీ తిననిచ్చుట లేదు, అనుంది."

ముందు వరండాలో దగ్గు వినిపించింది. ఆమె వెళ్లిపోయింది. నాన్న కంచె పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

నాన్న ఎవరికీ చెప్పనన్నాడు. కానీ ఆయన ముఖమే చెప్పేసింది. ఆ వచ్చిన ఆదివారం కాంపులో ప్రతి ఇంట్లోంచీ రేకుపెట్టెలు, గుడ్డమూటలు బయటికి వచ్చాయి. ఏడుగురు పిల్లలం ఇంటింటికీ తిరిగాం. అందరం కాగితాన్ని తిప్పి పట్టుకుని చదివేవాళ్లం. అదే పద్ధతి కాబోలనుకుని పెద్దవాళ్లు కూడా మాకు తలకిందులు చేసే అందించేవారు. ఒకతనికి కొడుకు పుట్టాడని, అచ్చం అతని పోలికేనని నాలుగేళ్ల కిందట భార్య రాయించింది. అతను అప్పుడే పుట్టినట్టు గుడిసె గుడిసెకూ పరిగెత్తి చెప్పాడు. ఒక ముసలామె చెల్లెలు పోయి మూడేళ్లయింది. ఆమె ఆ రోజే మైల పట్టి తలస్నానం చేసింది. ఒకరి ఇంట్లో నవ్వు, పక్కింట్లో శోకం. సాయంత్రానికి నా గొంతు పోయింది.

సోమవారం పొద్దునకల్లా సర్దారుకు తెలిసిపోయింది. ఆయన కేకలు వేయలేదు. కాంపులో ఎవరినీ ఏమీ అనలేదు. పూజారిని గుడిలోనే ఉండనిచ్చాడు; ఆ బెదిరింపు కోడలి మీద అలాగే ఉంచుకున్నాడు. మనుషుల్ని పెట్టి వెదురు కంచె నరికించాడు. చెరకు మడుల్లోంచి నల్లరాళ్లు బండ్ల మీద తోలించి పెరట్లో పోయించాడు. గోడ కట్టమని కొడుకును మిల్లు పని మాన్పించి నిలబెట్టాడు. రాళ్లు అందించమని కోడలితో చెప్పాడు.

నాలుగు రోజులు పట్టింది. మేం ఏడుగురం దూరంగా గడ్డిలో కూర్చుని చూశాం. అతను ముఖమెత్తకుండా కట్టాడు. ఆమె ఒక్కొక్క రాయీ ఎత్తి అతని చేతికిచ్చింది. మొదటిరోజు మనిషంతా కనబడింది. రెండోరోజు నడుము పైనుంచి కనబడింది. మూడోరోజు తల, భుజాలు. నాలుగోరోజు రాయి పట్టుకున్న రెండు చేతులు. పొడుగాటి వేళ్లు, మట్టి కొట్టుకుపోయిన గోళ్లు. చివరి వరస పెట్టాక ఆ చేతులు కూడా లేవు.

నేను చదవకపోయి ఉంటే ఆ గోడ లేచేది కాదు. ఎవరు ఏమన్నా నాకు అది అలాగే ఉండిపోయింది.

కొన్నాళ్లు ఆమె గోడకు దగ్గరగా రోలు వేసుకుని దంచుతూ, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు గట్టిగా కథ చెప్పేది. రోకటి పోటు పడినప్పుడల్లా ఒక మాట మునిగిపోయేది. మేం ఇవతల చెవి ఆనించి వినేవాళ్లం. తరవాత రోలును కూడా వంటింట్లోకి మార్చారు.

ఆ పైన మేం ఊరికే కూర్చోలేదు. చెరకు మడుల మధ్య నల్లరాళ్ల గుట్టల వెనక మధ్యాహ్నాలు చిన్న పిల్లల్ని పోగేశాం. మాకు పదకొండు, పన్నెండేళ్లు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పితే అక్షరం సరిగ్గా పడుతుందని అప్పుడు కనిపెట్టాం. తాంగ్ కథలు మేమే కల్పించాం. నాన్న, మరో నలుగురు ఎస్టేటు ఆఫీసుకు వెళ్లి, మా కాయితాలు మా చేతికే ఇప్పించండని అడిగారు. ఏమనుకున్నారో, రోజ్ బెల్ పోస్టాఫీసులో తీసుకోమన్నారు. ఆదివారాలు సర్దారు వరండా ఖాళీగా ఉండేది. కాంపు ఆ మేరకు ఊపిరి పీల్చుకుంది. ఆమె ఒక్కతే లోపల.

నాన్న ఇండియాలో ఉన్న తన తమ్ముడికి నా చేత ఉత్తరం రాయించాడు. ఎన్నో నెలలకు జవాబు వచ్చింది. రోజ్ బెల్ పోస్టాఫీసు దగ్గరే విప్పి నా చేతికిచ్చాడు. మొదటి వరసలోనే "పోయినది" అన్న మాట కనబడింది. దాన్ని చూడగానే పోల్చుకునేంత బాగా నేర్పింది అప్ప. తల ఎత్తి నాన్న ముఖం చూశాను. "అమ్మ క్షేమం" అనేద్దామని నోటిదాకా వచ్చింది. ఎంత తేలిక! ఒక్క మాట మారిస్తే చాలు, ఆయన నవ్వుకుంటూ ఇంటికి నడుస్తాడు. సర్దారు మీద నాకున్న కోపంలో ఎక్కడో ఒక చిన్న ముక్క అప్పుడు విరిగింది. కానీ ఉన్నదే చదివాను. నాన్న విన్నాడు. "నీ నోట ఇన్నాను. సాల్లే," అన్నాడు. దారి పొడుగునా నా చేయి వదల్లేదు.

పద్నాలుగో ఏట నాకు షెమాన్ గ్రెనియే సంబంధం కుదిరింది. అప్ప పుట్టిన ఊరు. వచ్చిన కొత్తలోనే ఆమెకు ఉత్తరం రాశాను. మీ నాన్నగారు నన్ను గుడి వరండాలో పిల్లలకు అక్షరాలు చెప్పమన్నారు, నా చేతిరాత చూసి నీ చేతిరాతే అన్నారు, అని. జవాబు రాలేదు. ఆ తరవాత రెండు మూడు రాశాను. రాలేదు. పూజారిగారు పోయినప్పుడు కబురు పంపితే, కోడలికి ఒంట్లో బాగాలేదని సర్దారు ఇంటినుంచి తిరుగు కబురు వచ్చింది.

సర్దారు, ఆయన భార్య కూడా పోయాక, నా పెద్దకూతుర్ని వెంటబెట్టుకుని మొదటిసారి ఆ ఇంటి ముందు గేటులోంచి లోపలికి వెళ్లాను. అప్ప వంటింటి గడప మీద కూర్చుని బ్రెదు ఆకుకూర ఏరుతోంది. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు. నన్ను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"నా ఉత్తరాలు అందినాయా అప్పా?" అన్నాను.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అందకేం. మావ తెచ్చి నా ముందరెట్టి సదవమన్నాడు. కొట్లోకి కొత్త నూనె వొచ్చిందని రాసినారని సదివినాను. రెండోది పప్పు గురించి. మూడోదానికి, ఈ కొట్టోడికి పనీపాటా నేదేటి అన్నాడు." ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆగాక అంది, "అపద్దం సదవడం ఎంత సులువోనే. ఆయన్ననడానికి నాకింకేటి మిగిలినాది."

గోడ సంగతి ఎత్తాను. నా వల్లే కదా అన్నాను.

"ఊరుకో. నీకు కళ్లిచ్చినాను, సూసినావు. సూడకే అంటానా?"

బయట బండి ఉంది, రెండు రోజులు షెమాన్ గ్రెనియే వచ్చి వెళ్లమని బతిమాలాను. అడ్డు చెప్పేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. ఆమె లేచి, కొంగు సర్దుకుని, నాతో గేటుదాకా వచ్చింది. గేటు మీద చేయి వేసింది. బయట ఎర్రటి బాట, దానికి అటూ ఇటూ ఎదిగిన చెరకు. గడియ తీయలేదు. నా కూతురు ఆమె చేయి పట్టుకుని లాగింది. ఆమె వేళ్లు మెల్లగా విడిపించుకుంది.

"కాళ్లకి దోవ తెలీదే," అంది. "ఇన్నేళ్లు గడిచినాక బయిటంటే బయమే. ఇంకోపాలి వొస్తాను." ఆ తరవాత అడిగింది, "దచ్చినం గాలి ఏసినప్పుడు ఇంకా సముద్రం ఇనిపిస్తాదా మా ఊర్లో?"

"ఇనిపిస్తాదప్పా."

"అయితే నా బదులు నువ్వింటన్నావు."

ఇంకోసారి అన్నది రాలేదు. నేను వెళ్లిన మూడు నాలుగుసార్లూ ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది. నా పిల్లలకు ఆమె కథలు చెప్పింది, ఈసారి చివరిదాకా చెప్పింది. అడ్డు వచ్చే కేక లేకపోయినా, మధ్యలో ఒకచోట ఆగి లోపలికి చెవి ఒగ్గేది. అది ఆమెకే తెలిసేది కాదనుకుంటాను.

కబురు తెలిసిన మర్నాడు నేను రోజ్ బెల్ వైపు బయలుదేరాను. ఆమె భర్త వరండాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు. నేను చిన్నప్పటినుంచీ ఆయన దగ్గు విన్నాను గానీ మాట విన్నది అదే మొదటిసారి. మూడు రోజులు జ్వరమని, నీళ్లు అడిగిందని, మరేం అడగలేదని చెప్పాడు. తరవాత నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు.

"నానే కట్టినాను. ఆవిడ రాళ్లందించినాది," అన్నాడు. "ఆకరి రోజు పెరట్లో మంచమెయ్యమంది. ఏసినాను. గోడకేసి సూస్తా పడుకుంది. కూల్చీమంటావా అని అడిగినాను. ఏటీ అననేదు. ఇప్పుడు నిన్నడుగుతన్నాను. కూల్చీమంటావా?"

నేను గోడ మీద చేయి వేశాను. ఆ రాళ్లకు నాచు పట్టి ఉంది. "మీ ఇష్టం బాబూ," అని మాత్రం అన్నాను. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు. నన్ను గేటుదాకా దిగబెట్టాడు.

తిరుగు బండికి ఇంకా వేళ ఉంది. రోజ్ బెల్ పోస్టాఫీసు ఎదుట నీడలో కూర్చున్నాను. మడి పనినుంచి నేరుగా వచ్చిన ఒక అమ్మాయి, నడుముకు కట్టిన గోనెపట్టా కూడా విప్పకుండా, కిటికీ దగ్గర ఒక ఉత్తరం తీసుకుంది. పదిహేడు పద్దెనిమిదేళ్లు ఉంటాయి. చదివిపెట్టమని ఆమె ఎవరినీ పిలవలేదు. గోడవారకు జరిగి, చేతులు గోనెకు తుడుచుకుని, కవరు అంచు చింపింది. పెదవులు కదులుతున్నాయి గానీ చప్పుడు లేదు. ఒకచోట ఆగింది. వెనక్కి వెళ్లి అదే వరస మళ్లీ చదివింది. ముఖంలో ఏదో వచ్చి, వెళ్లింది. పక్కనే కూర్చున్న పెద్దామె, "ఏటి రాసినారే?" అని అడిగింది. ఆ అమ్మాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, రవికలో దోపుకుని, "ఏటీ నేదు," అని చెరకు మడుల మధ్య బాటలోకి నడుచుకుంటూ వెళ్లిపోయింది.